వశిష్ఠలో సొంత పడవ మీద ఇంటిల్లిపాదీ వెళ్ళాలంటే ఏం చూసుకోవాలి?

ప్రశ్న: రాజోలు వైపు వాడు

నమస్కారమండీ. రాజోలు దగ్గర గోదావరి పాయ అయిన వశిష్ఠ గట్టును ఆనుకుని ఉన్న ఊరు మాది. పదిహేనేళ్ళుగా హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను గానీ, సంక్రాంతికి ఊరికి రాకుండా ఒక్క ఏడు కూడా ఉండలేదు. ఈ మధ్య మా అన్నయ్యా నేనూ కలిసి 16 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు ఉన్న పాత ఫైబరు పడవను, వెనుక బిగించే టూ స్ట్రోక్ ఇంజనుతో సహా కొన్నాము. దానితో వ్యాపారం చేసే ఉద్దేశం లేదు. ఇంట్లోవాళ్ళం సరదాగా నదిలో తిరగడానికే కొన్నాము.

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కాబట్టి, వచ్చే ముక్కనుమ నాడు తెల్లవారుజామున ఐదున్నరకు దిండి వంతెన దగ్గర బయలుదేరి, నరసాపురం మీదుగా అంతర్వేది చేరి, స్వామి దర్శనం చేసుకుని, అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర నది సముద్రంలో కలిసే చోటు పిల్లలకు చూపించి, చీకటిపడే వేళకు తిరిగి రావాలని అనుకుంటున్నాము. పెద్దవాళ్ళం ఐదుగురం, పిల్లలు ముగ్గురు. వారిలో చిన్నదానికి నాలుగేళ్ళు. ఎనిమిది మందికీ లైఫ్ జాకెట్లు కొన్నాము.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర లాంచీ మునిగిన నాటి నుంచి మా అమ్మ గోదావరి దాటాలంటే వంతెన మీద నుంచే దాటుతుంది. అది వరద కాలంలో, కొండల మధ్య జరిగిన ప్రమాదమనీ, జనవరిలో డెల్టా పాయలు చెరువులా నిశ్చలంగా ఉంటాయనీ నేను ఆమెకు నచ్చజెబుతున్నాను. నా వాదన సరైనదేనా?

ఇంకొక సందేహం కూడా ఉంది. పడవ అడుగున ఊరే నీటిలో నూనె, పెట్రోలు తెట్టెలా తేలుతోంది. పాత యజమాని దానిని డబ్బాతో తోడి కాలువలోనే పోసేవాడు. ఇంత పెద్ద నదికి గ్లాసెడు నూనె ఒక లెక్కా అని అన్నయ్య అంటాడు. కానీ మా ఊరి మంచినీటి చెరువు నిండేది ఆ కాలువతోనే. వేసవిలో కాలువలు కట్టేసే లోపు నింపుకున్న నీటినే ఊరంతా తాగుతుంది. ఈ విషయంలో ఏం చేయాలో తెలిసినవారు చెప్పగలరు.


జవాబు: పాత సరంగు

బాబూ, ముందుగా మీ అమ్మగారి తరఫున రెండు మాటలు చెబుతాను. నేను ముప్పై ఏళ్ళకు పైగా లాంచీల మీద, ఆ తరువాత పంటు (మనుషులనూ బళ్ళనూ నది దాటించే పెద్ద బల్లకట్టు) మీద పనిచేసి దిగినవాణ్ణి.

జనవరి గోదావరి వేరు, సెప్టెంబరు గోదావరి వేరు అన్న మాట నిజమే. అయితే కచ్చులూరు ప్రమాదాన్ని మీరు తలచుకుంటున్న తీరులో ఒక పొరపాటు ఉంది. ధవళేశ్వరం బ్యారేజీ వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరి, 10 లక్షల క్యూసెక్కులు సముద్రంలోకి వెళ్ళేటప్పుడు మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది ఇస్తారు. కచ్చులూరు ప్రమాదం జరిగిన రోజున నదిలో ప్రవాహం సుమారు 5 లక్షల క్యూసెక్కులు, అంటే మొదటి హెచ్చరికలో సగం మాత్రమే. ఆ హెచ్చరికలు లంకల్లో, గట్ల వెంబడి ఉండేవారి కోసం పెట్టినవి. వాటిని చూసుకుని పడవ తీయవచ్చునా, కూడదా అని నిర్ణయించుకోవడం పొరపాటు. ఎర్రనీరు దిగిందంటే సరదా పడవను గట్టు మీదికి లాగి బోర్లించవలసిందే, హెచ్చరిక వచ్చినా రాకపోయినా.

పైగా ప్రమాదానికి కారణం ప్రతిసారీ వరదే కాదు. 2018 మే 15న మంటూరు దగ్గర లాంచీ మునిగింది ఈదురుగాలికి. అదే ఏడాది జూలై 14న మన డెల్టాలోనే, పశువుల్లంక దగ్గర, విద్యార్థులు ఉన్న నాటుపడవ కట్టుబడిలో ఉన్న వంతెన స్తంభానికి తగిలి బోల్తాపడింది. ఒకచోట ప్రవాహం, ఒకచోట గాలి, ఒకచోట నీటిలో నిలిచి ఉన్న అడ్డంకి. జనవరిలో మొదటిది మాత్రమే ఉండదు.

ఇక మీ ప్రయాణం సంగతి. ఐదున్నరకు బయలుదేరడమనే ఆలోచనను విరమించుకోండి. సంక్రాంతి రోజుల్లో కోనసీమలో పొద్దెక్కే దాకా మంచు ఎలా కమ్ముకుని ఉంటుందో మీరు ఎరిగినదే. గట్టు మీద ఆ మంచు అందంగానే కనిపిస్తుంది. నది మధ్యలో మాత్రం ఎటు గట్టో, ఎటు దిగువో తెలియదు. సఖినేటిపల్లి రేవుకూ నరసాపురం రేవుకూ మధ్య పంటు తిరుగుతూనే ఉంటుంది. బళ్ళు ఎక్కించుకున్న పంటును మీ చిన్న పడవలా ఉన్నచోట నిలపడం, తిప్పడం ఎవరి వల్లా కాదు. దాని ముందు నుంచి ఎన్నడూ దూరవద్దు. అది రేవు చేరిన తరువాత, దూరంగా, వెనుక నుంచి దాటండి. ఎదుటి గట్టు చెట్లు విడివిడిగా కనిపించే దాకా తాడు విప్పవద్దు.

రెండోది పోటూ పాటూ, అంటే సముద్రాన్ని బట్టి నదిలో నీరు ఎక్కడం, దిగడం. సంక్రాంతి సూర్యమానం పండుగ, పోటుపాట్లు చంద్రుణ్ణి బట్టి నడుస్తాయి. కాబట్టి నిరుడు ముక్కనుమ నాడు బాగానే వెళ్ళి వచ్చామన్న లెక్క ఈ ఏడు పనికిరాదు. పోటు ఎక్కడానికి సుమారు ఆరు గంటలు, పాటు దిగడానికి సుమారు ఆరు గంటలు పడుతుంది. ప్రతి పోటూ ముందురోజు కంటే ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకూ పౌర్ణమికీ అది ఎక్కువగా, అష్టమి ప్రాంతంలో తక్కువగా ఉంటుంది. పంచాంగం చూసుకుని, రెండు రోజుల ముందు నుంచి రేవులో మెట్లు లెక్కపెట్టుకుంటే మీ రోజున ఏ వేళకు ఏముంటుందో మీకే తెలుస్తుంది. పాటుతో దిగువకు వెళ్ళి, పోటుతో ఎగువకు రావడం అనువైన పద్ధతి. ఇంజనుకు శ్రమ తగ్గుతుంది, ఇంధనం ఆదా అవుతుంది. పాటు చివర మాత్రం ఇసుక మేటలు బయటపడతాయి. నిరుడు నిలువులోతు ఉన్నచోట ఈ ఏటి వరద మేట వేసి ఉండవచ్చు. మిగిలిన నీరంతా నునుపుగా ఉండి ఒక్కచోట మాత్రం చిన్నచిన్న అలలు ముడతలు పడుతుంటే అక్కడ లోతు లేదని అర్థం చేసుకోవాలి. మేట ఎక్కితే ఇంజనును ఉరికించవద్దు. దానిని ఆపి, పైకి ఎత్తి, గెడతో వెనక్కి నెట్టుకోండి.

అడ్డంగా కట్టిన వలలు ఇంకొక చిక్కు. తేలే ప్లాస్టిక్ సీసాలు వరుసగా కనిపిస్తే వాటి మధ్య నుంచి పోవద్దు. దగ్గరలో ఉన్న జాలరిని పిలిచి దారి అడగండి. చెయ్యి ఊపి చూపిస్తారు. వల తెగితే ఆ కుటుంబానికి ఆనాటి కూడు పోతుంది, తెగిన దారం మీ ఇంజను పంకాకు చుట్టుకుంటుంది.

మూడోది బరువు. చిన్న పడవకు పొడవును వెడల్పుతో గుణించి, వచ్చినదాన్ని 15తో భాగించి మనుషుల లెక్క కట్టే పద్ధతి ఒకటి ఉంది. మీ పడవకు 16ను 5తో గుణిస్తే 80, భాగిస్తే ఐదుగురు. అదీ నీరు నిలకడగా ఉన్నప్పుడు. పిల్లలు చిన్నవాళ్ళే కదా అని ఎనిమిది మంది ఎక్కకూడదు. అందరూ ఫొటో కోసం ఒకేసారి ఒకవైపుకు లేచి నిలబడితే ఆ పడవకు ఒరగడం తప్ప వేరే దారి ఉండదు. ఎక్కినవాళ్ళు పడవ మధ్యగా, కిందకు కూర్చోవాలి. నడుస్తుండగా చోటు మారకూడదు.

చివరిది మొగ. నది సముద్రంలో కలిసే చోటుకు మీ పడవతో వెళ్ళనే వద్దు. పాటు నీరు బయటికి తోస్తూ, సముద్రపు అల లోపలికి వస్తూ ఢీకొన్నచోట నిటారు అలలు లేస్తాయి. అక్కడి ఇసుక మేట ఏ నెలకు ఆ నెల మారుతూ ఉంటుంది. అలవాటున్న జాలరులే వేళ చూసుకుని మొగ దాటుతారు. అంతర్వేదిలో పడవ కట్టేసి, అన్నాచెల్లెళ్ళ గట్టుకు నడిచి వెళ్ళి చూపించండి. పిల్లలకు అక్కడి నుంచే బాగా కనిపిస్తుంది.


జవాబు: నరసాపురం మెకానిక్

సరంగు గారు నీటి సంగతి చెప్పారు కాబట్టి నేను ఇంజను వరకే రాస్తాను.

మీ అన్నయ్య గారి గ్లాసెడు నూనె లెక్క సరికాదు. ఎందుకంటే మీరు తోడిపోసే నూనె ఒక్కటే నదిలో కలవడం లేదు. పాత కార్బురేటరు రకం టూ స్ట్రోక్ ఇంజనులో పోసిన పెట్రోలు, నూనె మిశ్రమంలో నాలుగో వంతు దాకా కాలకుండానే పొగగొట్టం ద్వారా నీటిలోకి పోతుంది. నీటి మీద ఇంద్రధనుస్సు రంగుల్లో పరచుకునే పొర అదే. ఇంజను పాడవుతుందన్న భయంతో తయారీదారు చెప్పిన పాళ్ళ కంటే ఎక్కువ నూనె కలిపేవారు చాలామంది ఉన్నారు. దాని వల్ల ప్లగ్గు మసిబారడం, పొగ పెరగడం తప్ప ఇంజనుకు ఒరిగేది లేదు. కొలపాత్రతో కొలిచి కలపండి. స్తోమతు కలిగినప్పుడు ఫోర్ స్ట్రోక్ ఇంజనుకు మారండి. ఖరీదు ఎక్కువైనా పెట్రోలు ఖర్చులో కొంత తిరిగి వస్తుంది, చప్పుడు తగ్గుతుంది.

అడుగున ఊరే నీటికి సులువైన ఉపాయం ఉంది. ముందుగా అది ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. పెట్రోలు గొట్టం బిగింపుల దగ్గర చెమ్మ ఉంటే కొత్త క్లిప్పులు వేస్తే సగం బాధ తీరుతుంది. తరువాత పాత నూలు పంచెనో లుంగీనో మడతపెట్టి పడవ అడుగున, ఇంజను వైపు పరచి ఉంచండి. నూనె నీటి మీద తేలుతుంది కాబట్టి గుడ్డ దానిని పీల్చుకుంటుంది. ఆ గుడ్డను ఒక మూత డబ్బాలో పిండి, డబ్బా నిండినప్పుడు వాడిన నూనె తీసుకునే వర్క్‌షాపులో ఇవ్వండి. గుడ్డను గట్టు మీద తగలబెట్టవద్దు. కొందరు సబ్బుపొడి చల్లితే తెట్టె మాయమవుతుందని చెబుతారు. మాయమయ్యేది మన కంటికే. నూనె సన్నని తుంపరలుగా విడిపోయి నీటిలోకి దిగి చేపల మొప్పలకు చేరుతుంది. తెట్టెగా ఉన్నప్పుడైనా దానిని పీల్చి తీయవచ్చు, సబ్బు కలిశాక ఆ వీలు కూడా ఉండదు.

పెట్రోలు పోసేటప్పుడు ట్యాంకును పడవలో నుంచి దించి గట్టు మీద పెట్టి పోయండి. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు కాబట్టి పడవ అడుగున చేరి కూర్చుంటుంది. తరువాత ఎవరో బీడీ వెలిగిస్తే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ట్యాంకును గొంతు దాకా నింపకుండా కొంచెం ఖాళీ వదిలితే ఎండకు పొంగి కారదు. వెళ్ళడానికి ఒక వంతు, రావడానికి ఒక వంతు, అనుకోని అవసరానికి ఒక వంతు చొప్పున ఇంధనం లెక్క వేసుకోండి.

ఇంజనుకు ఎర్రటి తాడు ఒకటి వేలాడుతూ ఉంటుంది. నడిపేవాడు పడిపోతే అది ఊడి ఇంజను తనంతట తానే ఆగిపోతుంది. నా దగ్గరకు వచ్చే ఇంజన్లలో ఎక్కువ వాటికి ఆ తాడు ఉండదు, ఉన్నా దానిని ఇంజనుకే శాశ్వతంగా కట్టేసి ఉంచుతారు. మీరు దానిని మణికట్టుకో జాకెట్టుకో తగిలించుకోండి. అది లేకపోతే మనిషి పడిన తరువాత పడవ గిరగిరా తిరిగి అతని మీదికే వస్తుంది.

నడుస్తున్నప్పుడు ఇంజను పక్క నుంచి సన్నని నీటిధార చిమ్ముతూ ఉండాలి. ధార ఆగిందంటే చల్లబరిచే నీరు అందడం లేదు, చాలాసార్లు ప్లాస్టిక్ కవరో గుర్రపుడెక్కో అడ్డుపడి ఉంటుంది. ఇంజను ఆపి, ఎత్తి, చేత్తో తీయండి. తీసిన కవరును తిరిగి నీటిలోకే విసిరేవారిని చూశాను, అందుకే ప్రత్యేకంగా రాస్తున్నాను.


జవాబు: ముక్తేశ్వరం లంకవాసి

అందరూ భయపెడుతున్నారు. మా తాతగారు కొబ్బరికాయలు, అరటిగెలలు వేసుకుని గెడపడవ మీద జీవితాంతం తిరిగారు. ఏనాడూ ఏ జాకెట్టూ తొడగలేదు. ఈత వచ్చినవాడికి గోదావరి తల్లి ఒడి. ఈ జాకెట్ల వల్ల ఉక్కపోత తప్ప ప్రయోజనం లేదని నా అభిప్రాయం.


జవాబు: ఆసుపత్రి నర్సు

లంకవాసి గారూ, మీ తాతగారి మీద నాకు గౌరవం ఉంది. ఆయనకు నది తెలుసు, తన పడవ తెలుసు, ఏ వేళ ఎక్కడ ఉండకూడదో తెలుసు. హైదరాబాదు నుంచి పండుగకు వచ్చిన నాలుగేళ్ళ పిల్లకు ఇవేవీ తెలియవు కదా. పైగా పడవ తిరగబడినప్పుడు కర్ర తగిలి స్పృహ తప్పినవాడికి ఈత వచ్చినా రాకపోయినా ఒకటే.

ఎనిమిది జాకెట్లు కొన్నామని రాశారు, వాటి మీద ఏముందో చూశారా? మంచి జాకెట్టు మీద అది ఎంత తేలుస్తుందో న్యూటన్లలో ముద్రించి ఉంటుంది. 50 అని ఉంటే అది ఈత వచ్చినవారికి, సాయం దగ్గరలోనే ఉన్నప్పుడు పనికివచ్చే సాధనం మాత్రమే. కనీసం 100 ఉన్నది నిలకడ నీటిలో మనిషిని వెల్లకిలా తిప్పి ముఖాన్ని పైకి ఉంచేలా తయారవుతుంది. తొడిగి, బకిళ్ళు బిగించిన తరువాత భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. గడ్డం దాటి చెవుల దాకా లేచిందంటే అది ఆ మనిషికి పెద్దదైనట్టు. చిన్నపిల్లల జాకెట్టుకు కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ తప్పనిసరిగా ఉండాలి, లేకపోతే పిల్ల కిందకు జారిపోయి జాకెట్టు ఒక్కటే తేలుతుంది. పెద్దల జాకెట్టును పిల్లలకు తాళ్ళతో చుట్టి సరిపెట్టవద్దు. పిల్లను ఒడిలో పెట్టుకున్నాం కదా అని జాకెట్టు తీసేయవద్దు, పడకుండా ఉంటుందని పడవకు కట్టేయడం అంతకంటే ప్రమాదం. మేడలాంచీల్లో అద్దాలు మూసిన గది ఉంటే అందులో కూర్చోకుండా, తలుపు దగ్గరగానో పైన బల్లల మీదనో కూర్చోవడం మేలు. నీరు నిండిన గదిలో జాకెట్టు మనిషిని పైకప్పుకు అదిమి పెడుతుంది. మీది తెరిచిన పడవ కాబట్టి ఎక్కే ముందు నుంచి దిగే దాకా జాకెట్టు ఒంటి మీదే ఉంచండి. ఆడవాళ్ళు ఆ ఒక్క రోజుకు చీరకు బదులు పంజాబీ డ్రెస్సు వేసుకుంటే మంచిది. తడిసిన కుచ్చిళ్ళు కాళ్ళకు చుట్టుకుంటే ఈత సాగదు.

పడవ తిరగబడితే దానిని వదిలి గట్టు వైపు ఈదవద్దు. గట్టు కనిపించినంత దగ్గరలో ఉండదు. బోర్లా పడిన ఫైబరు పడవ చాలావరకు తేలుతూనే ఉంటుంది కాబట్టి అందరూ దానిని పట్టుకుని ఉంటే వెతికేవారి కంటికి ఒక్కచోట కనిపిస్తారు. ఎవరైనా నీటిలో పడితే వెంట దూకవద్దు. ఖాళీ 20 లీటర్ల మంచినీళ్ళ డబ్బాకు మూత గట్టిగా బిగించి, పదిహేను గజాల తాడు కట్టి పడవలో ఉంచుకుంటే అదే మీ రక్షణ సాధనం. మునిగేవాడు సినిమాలో లాగా కేకలు వేయడు. శ్వాసకే అవకాశం లేనివాడు అరవలేడు. తల వెనక్కి వాలి, నోరు నీటి అంచున తేలుతూ, మాట లేకుండా ఉన్నాడంటే అతడు మునిగిపోతున్నట్టే.

నా ఉద్యోగంలో చూసిన ఒక సంగతి రాయక తప్పదు. నీటిలో నుంచి తీసిన ఒక కుర్రవాణ్ణి గట్టు మీద తలకిందులుగా పట్టుకుని గిరగిరా తిప్పి, తరువాత బోర్లా పడుకోబెట్టి కడుపు నొక్కి, అప్పుడు మా దగ్గరకు తెచ్చారు. వాళ్ళు చేసినదంతా ప్రేమతోనే చేశారు. ఆ పది నిమిషాలు మాత్రం తిరిగి రాలేదు. శ్వాస లేనప్పుడు నీళ్ళు కక్కించడానికి కాలం వృథా చేయకూడదు. వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వంచి, ముక్కు మూసి, నోటి ద్వారా ముందుగా ఊపిరి ఊదాలి. ఆ తరువాత ఛాతీ మధ్యలో 30 సార్లు గట్టిగా, వేగంగా నొక్కి, 2 సార్లు ఊపిరి ఊదుతూ సాయం అందే దాకా ఆపకుండా చేయాలి. బయలుదేరే ముందు ఇంట్లో ఇద్దరైనా దీనిని నేర్చుకోండి. ఫోన్లు నీరు చొరని సంచీలో పెట్టి మెడలో వేసుకోండి. అత్యవసరానికి 112, సముద్రం వైపు అయితే తీరరక్షక దళం 1554.

ముక్కనుమ నాటికి మాంసం, దానితో పాటు మందూ ఉంటాయని అందరికీ తెలుసు. నడిపేవారే కాదు, ఎక్కేవారు కూడా తాగకుండా ఉండాలి. తాగినవాడు కూర్చోమంటే కూర్చోడు.


జవాబు: కోరంగి దగ్గరి ఉపాధ్యాయురాలు

నూనె గురించి మెకానిక్ గారు వివరంగా రాశారు. నదికి మన పడవ చేసే హాని అంతటితో ఆగదు కాబట్టి ఇంకొంచెం రాస్తాను.

లంకల వాళ్ళకు గట్టు కోత అంటే ఏమిటో చెప్పవలసిన పని లేదు. ప్రతి వరదకూ కొబ్బరిచెట్లు వేళ్ళతో సహా నదిలోకి ఒరుగుతాయి. వేగంగా పోయే పడవ వెనుక లేచే అల గట్టును కొట్టినప్పుడు జరిగేది కూడా చిన్న ఎత్తున అదే. నడిపేవారికి వెనుక ఏం జరుగుతుందో కనిపించదు. ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి. మీ అల గట్టు మట్టిని కలిపి నీటిని బురదగా మారుస్తోందంటే వేగం ఎక్కువైందని అర్థం. గట్టుకు దగ్గరగా, ఇరుకు పాయల్లో, స్నానాల రేవుల ముందు, నాటుపడవల పక్కన నడక వేగానికి తగ్గించాలి. చిన్న పడవలో నిలబడి వల లాగుతున్న జాలరిని మీ అల తిప్పేయగలదు. సరంగు గారు చెప్పిన జాగ్రత్తకూ దీనికీ తేడా లేదు, నెమ్మదిగా వెళ్ళేవాడికి మేటా వలా ముందుగా కనిపిస్తాయి, గట్టూ నిలుస్తుంది.

నది మధ్య ఇసుక తిన్నె కనిపించగానే దిగి వంటలు మొదలుపెట్టాలనిపిస్తుంది. జనవరిలో ఆ తిన్నెల మీద వలస పక్షులు ఆహారం వెతుక్కుంటూ ఉంటాయి. మార్చి నుంచి మే వరకు టెర్న్ జాతి పక్షులు వట్టి ఇసుకలోనే గుడ్లు పెడతాయి. ఆ గుడ్లు ఇసుక రంగులోనే ఉండటంతో కాలి కింద పడే దాకా కనిపించవు. పక్షులు తల మీద అరుస్తూ తిరుగుతుంటే గూళ్ళ దగ్గరకు వచ్చారని అర్థం, అక్కడి నుంచి వెనుదిరగండి. ఇసుక తవ్విన గుంతలు తిన్నెల అంచున ఉండవచ్చు కాబట్టి పిల్లలను మోకాలి లోతు నీటిలోకి కూడా ఒంటరిగా వదలవద్దు.

మడ అడవుల వైపు వెళ్ళాలనే కోరిక పడవ కొన్న ప్రతివారికీ కలుగుతుంది. కోరంగి 1978లో ప్రకటించిన అభయారణ్యం. సుమారు 235 చదరపు కిలోమీటర్ల ఆ ప్రాంతంలోకి అటవీశాఖ అనుమతి లేకుండా సొంత పడవతో వెళ్ళకూడదు. బావురుపిల్లులు, నీటికుక్కలు అక్కడ ఇప్పటికీ బతుకుతున్నాయంటే ఆ నిశ్శబ్దం వల్లనే. అభయారణ్యం వెలుపల ఉన్న మడ పాయల్లో కూడా పడవను చెట్టుకు కట్టవద్దు. బురదలో నుంచి మేకుల్లా పైకి పొడుచుకు వచ్చేవి మడచెట్టు ఊపిరి తీసుకునే వేళ్ళు, వాటి మీదికి పడవను ఎక్కించవద్దు. తిల్లచెట్టు కొమ్మలు విరిస్తే కారే పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం, పిల్లలకు ఈ మాట ముందే చెప్పి ఉంచండి. పాటు దిగే వేళ ఈ పాయల్లో చిక్కుకుంటే మళ్ళీ పోటు వచ్చే దాకా దోమల మధ్య కూర్చోవలసిందే. అది మాకు ఒకసారి అనుభవమైంది, ఆ పూట మా ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోలేదు.

గుర్రపుడెక్క గురించి మరొక మాట. పంకాకు చుట్టుకున్న చిన్న ముక్క చాలు, అది మరో కాలువలో వేళ్ళూని కాలువంతా కప్పేస్తుంది. ఒక కాలువలో తిరిగిన పడవను వేరే కాలువలోకి దించే ముందు పంకాను, పడవ అడుగును గట్టు మీదే శుభ్రం చేసి, లోపలి నీటిని నేల మీద పారబోసి, ఎండలో ఆరనివ్వండి. పడవకు రంగు వేసేటప్పుడు కూడా అంతే. పాత రంగును గీకే ముందు కింద పట్టా పరవండి, ఆ పొడి కాలువలోకి పోకూడదు.

తిండి విషయంలో మా ఇంటి పద్ధతి చెబుతాను. పులిహోర, గారెలు స్టీలు క్యారియరులో, మంచినీళ్ళు పెద్ద డబ్బాలో పట్టుకుని వెళతాము. గాలికి ఎగిరే కవర్లూ కప్పులూ అసలు పడవ ఎక్కవు. మీరు వెళ్ళే అంతర్వేది తీరానికి జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. నీటిలో తేలే పల్చని కవరు సముద్రపు తాబేలుకు జెల్లీచేపలా కనిపిస్తుంది.


ప్రశ్న అడిగినవారి మాట: రాజోలు వైపు వాడు

ఇంత ఓపికగా రాసిన అందరికీ నమస్కారాలు. ఇవన్నీ అన్నయ్యకూ అమ్మకూ చదివి వినిపించాను. జాకెట్లు తీసి చూస్తే ఐదింటి మీద 50 అనే ఉంది, మిగిలిన మూడింటి మీద ఏమీ ముద్రించి లేదు. వాటిని పక్కన పెట్టేశాము. ఎనిమిది మంది ఒకేసారి వెళ్ళే ఆలోచన మానుకున్నాము. నలుగురం పడవలో వెళ్ళి, మిగిలినవారు కారులో అంతర్వేది చేరేలా, తిరుగు ప్రయాణంలో ఇటువారు అటు మారేలా అనుకుంటున్నాము. అమ్మ మాత్రం రెండుసార్లూ కారులోనే వస్తానంటోంది. లుంగీ మడత ఇప్పటికే పడవ అడుగున ఉంది, ఒక్క రోజుకే అది నల్లబడిన తీరు చూసి అన్నయ్య ఇక మాట్లాడలేదు.

రెండు విషయాలు అడగాలి. సొంత వాడకానికే అయినా పడవకు రిజిస్ట్రేషన్ అవసరమా? మంచు విడిన తరువాతే బయలుదేరినా, దారిలో మళ్ళీ కమ్ముకుంటే ఏం చేయాలి?


జవాబు: పాత సరంగు

బాబూ, అమ్మగారిని బలవంతపెట్టకండి. ఇంజను ఉన్న పడవ ఏదైనా 2021 నాటి దేశీయ నౌకల చట్టం కిందికి వస్తుంది. అద్దెకు తిప్పకపోయినా రిజిస్ట్రేషన్, పడవ తిరగడానికి తగినదేనన్న తనిఖీ పత్రం ఉండాలి. పాత యజమాని కాగితాలు ఇవ్వలేదంటే ముందు వాటి సంగతి తేల్చుకోండి. తనిఖీకి వచ్చినవారు చూపే లోపాలు మీకు ఉచితంగా దొరికిన సలహాలు అనుకోండి.

మంచు మళ్ళీ కమ్మితే ముందుగా వేగం తగ్గించి, మీకు దగ్గరగా ఉన్న గట్టు వైపుకు తిప్పండి. పంటు దారిలో, వంతెన స్తంభాల ఎగువన ఆగవద్దు. నడుము లోతు నీరున్నచోట లంగరు వేసి ఇంజను ఆపేయండి, ఇంజను చప్పుడులో ఎదుటి పడవ వినిపించదు. నిమిషానికి ఒకసారి విజిల్ ఊదుతూ ఉండండి. స్టీలు క్యారియరు ఎలాగూ తెస్తున్నారు కాబట్టి విజిల్ పోతే గరిటెతో దానిని కొట్టినా సరిపోతుంది. అంతర్వేదిలో ఎదురుచూసేవారికి మీరు ఏ గట్టున, ఏ ఊరి ఎదుట ఆగారో ఫోనులో చెప్పండి. ఎంత ఆలస్యమైనా ఎదుటి గట్టు చెట్లు విడివిడిగా కనిపించే దాకా లంగరు ఎత్తవద్దు. సాయంత్రం ఆరులోపే సూర్యాస్తమయం కాబట్టి, నాలుగు గంటలకు అంతర్వేదిలో పడవ కదలలేదంటే ఆ పూట దానిని అక్కడే కట్టేసి అందరూ కారులోనో బస్సులోనో ఇంటికి వచ్చేయండి. మరునాడు వెళ్ళి తెచ్చుకోవచ్చు.